సింహం ముఖంలో ఏడుపు ఎందుకు కనపడలేదు: కార్టూన్లని నిజం సినిమాలుగా తీస్తే ఏం పోతుంది, ఏం మిగులుతుంది

2019లో లయన్ కింగ్ కొత్త సినిమా తెలుగులో వచ్చినప్పుడు హీరో సింహం సింబాకి నాని, వాడి నాన్న ముఫాసాకి రవిశంకర్, విలన్ స్కార్‌కి జగపతిబాబు, అడవిపంది పుంబాకి బ్రహ్మానందం, దాని జోడీ టిమోన్‌కి అలీ డబ్బింగ్ చెప్పారు. తెలుగులో ఆ సినిమా నిలబడిందంటే సగం ఆ గొంతుల వల్లే. ఎందుకంటే ముఖాలు చేయాల్సిన పని కూడా గొంతులే చేశాయి. ముఫాసా పడిపోయి చనిపోయాక చిన్న సింబా వెళ్ళి నాన్నని లేపే సీన్ ఉంటుంది కదా, 1994 కార్టూన్లో అది చూసి కళ్ళు తుడుచుకోని పిల్లలు తక్కువ, కొత్త దాంట్లో అదే సీను, అదే దుమ్ము, అదే నిశ్శబ్దం, ఐనా ఏదో అద్దం అవతల జరుగుతున్నట్టు ఉంటుంది. సౌండ్ ఆపేసి రెండూ పక్కపక్కన చూస్తే సంగతి తెలిసిపోతుంది. పాత సింబాకి కళ్ళు ముఖంలో పెద్ద భాగం ఆక్రమిస్తాయి, వాటి పైన కనుబొమ్మలు కదిలినట్టు గీతలు కదులుతాయి, మూతి వంకర పోతుంది, చెవులు వాలిపోతాయి. కొత్త సింబా అచ్చం నిజం సింహం పిల్లలా ఉంటాడు, నిజం సింహం పిల్లకి మనిషిలాగా ముఖంతో ఏడవడం రాదు. అంతే.

ఇందులో డైరెక్టర్‌కి పని రాకపోవడం అంటూ ఏం లేదు. జాన్ ఫావ్రో మంచి డైరెక్టర్, డబ్బుకి లోటు లేదు, టెక్నాలజీకి లోటు లేదు. లైవ్ యాక్షన్, అంటే గీయకుండా కెమెరాతో నిజంగా తీసింది అని అందరం అంటున్నాం గానీ అసలు ఆ సినిమాలో కెమెరాతో నిజంగా తీసిన షాట్ ఒక్కటే, మొదట్లో వచ్చే సూర్యోదయం, మిగతాదంతా కంప్యూటర్లో చేసిందే, వీఆర్ హెడ్‌సెట్లు పెట్టుకుని లేని అడవిలో తిరుగుతూ కెమెరా ఎక్కడ పెట్టాలో చూసుకున్నారు. గోల్డెన్ గ్లోబ్స్ అవార్డుల వాళ్ళు దాన్ని యానిమేషన్ కేటగిరీలోనే నామినేట్ చేశారు. అంటే అది కూడా బొమ్మల సినిమానే, కాకపోతే బొమ్మ అని ఎవరికీ తెలియకూడదు అని ఒట్టు పెట్టుకుని చేసిన బొమ్మల సినిమా. ఆ ఒట్టే సినిమా కాళ్ళకి అడ్డం పడింది.

ఇక్కడ ఒక అపోహ గురించి మాట్లాడుకోవాలి. కార్టూన్ అంటే ఏదో అప్పట్లో నిజంగా తీయడం కుదరక గీసి సరిపెట్టుకున్నారు, ఇప్పుడు గ్రాఫిక్స్ వచ్చాయి కాబట్టి అసలుది తీయొచ్చు అనే ఆలోచన చాలామందిలో ఉంది, స్టూడియోల్లో కూడా ఉన్నట్టే కనపడుతుంది. ఇది తప్పు. గీత గీసేవాడికి నిజం తెలియక కాదు అలా గీసేది. డిస్నీలో దశాబ్దాలు పని చేసిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ అనే ఇద్దరు యానిమేటర్లు 1981లో ఒక పుస్తకం రాశారు, అందులో యానిమేషన్‌కి 12 సూత్రాలు చెప్పారు, వాటిలో మొట్టమొదటిది స్క్వాష్ అండ్ స్ట్రెచ్. అంటే నొక్కుకోవడం, సాగడం. బంతి నేలకి తగిలినప్పుడు చపాతీలా నొక్కుకోవాలి, పైకి లేచేటప్పుడు కోడిగుడ్డులా సాగాలి, కానీ ఎంత నొక్కినా ఎంత సాగదీసినా లోపల ఉన్న సరుకు మాత్రం తగ్గకూడదు పెరగకూడదు. అప్పుడే చూసేవాళ్ళకి ఆ బంతికి బరువుంది అనిపిస్తుంది. బంతికి చెప్పింది బుగ్గకీ, నడకకీ, నవ్వుకీ, భయానికీ అన్నిటికీ వర్తిస్తుంది.

టామ్ అండ్ జెర్రీలో టామ్ ముఖం మీద ఇస్త్రీపెట్టె పడితే ముఖం ఇస్త్రీపెట్టె ఆకారంలోకి మారిపోతుంది, ఒక్క క్షణం అలాగే ఉండి మళ్ళీ మామూలు ముఖం ఐపోతుంది. దెబ్బ తగిలిందని పిల్లలకి తెలుస్తుంది, నొప్పి మాత్రం వాళ్ళదాకా రాదు, అందుకే నవ్వగలరు. అదే నిజం పిల్లి మీద ఇస్త్రీపెట్టె పడితే ఎవరైనా నవ్వుతారా, పరిగెత్తుకెళ్ళి ఎత్తుకుంటారు. కథ మారలేదు, సీన్ మారలేదు, బొమ్మ స్థానంలో నిజం పిల్లి వచ్చింది అంతే, దాంతో చూసేవాళ్ళ మనసే మారిపోయింది.

లయన్ కింగ్‌లోనే ఇంకో చోటు చూడండి. చిన్న సింబా నేను రాజునైపోతాను అని గంతులేస్తూ పాడే పాట. 1994లో ఆ పాట మొదలవగానే అడవి రంగే మారిపోతుంది, ఆకాశం, చెట్లు, నేల అన్నీ చదునైన గాఢమైన రంగుల్లోకి వెళ్ళిపోతాయి, ఆఫ్రికా బట్టల మీద డిజైన్లలాగా, జంతువులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి గోపురంలా నిలబడతాయి, పైన సింబా. అది పిల్లాడి బుర్రలో ఉన్న ప్రపంచం, వాడు రాజైతే లోకం ఎలా ఉంటుందనుకుంటున్నాడో అది. కొత్త సినిమాలో నిజం జంతువులు గోపురం కట్టవు కాబట్టి సింబా, వాడి నేస్తం నాలా ఇద్దరూ నీళ్ళ గుంట దగ్గర జంతువుల మధ్య అటూ ఇటూ పరిగెడతారు. పాట అదే. పిల్లాడి కల మాత్రం ఎగిరిపోయింది, మిగిలింది డాక్యుమెంటరీ లాంటి షాట్లు, వాటి మీద పాట.

సరే, ఇది కంప్యూటర్ జంతువుల బాధ అనుకుందాం, నిజం మనుషుల్ని పెట్టి తీస్తే ఎలా ఉంటుంది? దానికి పొపాయ్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1929లో ఈ.సి. సీగర్ అనే ఆయన పేపర్లో కామిక్ స్ట్రిప్‌లోకి తెచ్చిన నావికుడు, 1933 నుంచి ఫ్లైషర్ స్టూడియో వాళ్ళు కార్టూన్లుగా తీశారు. అందరికీ తెలిసిందే, డబ్బా నొక్కితే పాలకూర ఎగిరి నోట్లో పడుతుంది, చెయ్యి బెలూన్‌లా ఉబ్బుతుంది, ఆ కండ మీద ఇంజనో ఫిరంగో ఏదో ఒక బొమ్మ కూడా వచ్చేస్తుంది. పాలకూర పప్పు ముట్టని పిల్లలకి అన్నం పెట్టేటప్పుడు మన ఇళ్ళల్లో కూడా ఈ నావికుడి పేరు వాడుకున్న అమ్మలు ఉన్నారు. దీన్ని 1980లో రాబర్ట్ ఆల్ట్‌మన్ సినిమాగా తీశాడు, పొపాయ్‌గా రాబిన్ విలియమ్స్. మాల్టా దీవిలో సముద్రం ఒడ్డున ఒక ఊరు ఊరంతా చెక్కతో కట్టారు, ఆ సెట్ ఇప్పటికీ ఉంది, టూరిస్టులు వెళ్ళి చూస్తారు. రాబిన్ విలియమ్స్ మోచేతుల కింద రబ్బరు కండలు తగిలించారు. ఆ కండలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి, అదీ అసలు చిక్కు. కార్టూన్లో మజా అంతా చెయ్యి ఉబ్బడంలో ఉంది, ఉబ్బిన చెయ్యిని ముందే తగిలించుకుని వస్తే ఇక జరగడానికి ఏం మిగిలింది? సినిమాలో పొపాయ్‌కి పాలకూర అంటే ఇష్టమే ఉండదు, చివర్లో ఎప్పుడో బలవంతంగా నోట్లో పడ్డాక గానీ ఆ బలం రాదు.

కానీ అదే సినిమాలో ఆలివ్ ఆయిల్‌గా షెల్లీ డ్యూవాల్‌ని చూస్తే ఇంకో సంగతి అర్థమవుతుంది. సన్నటి మనిషి, పొడుగు చేతులు, పెద్ద కళ్ళు, నడుస్తుంటే కీళ్ళన్నీ దారాలతో కట్టినట్టు ఉంటుంది. ఎలాంటి గ్రాఫిక్సూ అక్కర్లేదు, ఆవిడ ఒళ్ళే గీసినట్టు కదులుతుంది. మనిషి శరీరంతో కార్టూన్ చేయొచ్చు, కాకపోతే అది రబ్బరు అతికిస్తే వచ్చేది కాదు, నటన నుంచి రావాలి. 1996లో వచ్చిన 101 డాల్మేషన్స్‌లో గ్లెన్ క్లోజ్ చేసిన విలన్ క్రుయెల్లా కూడా అంతే. ఆ సినిమాలో కుక్కలకి మాటలు తీసేశారు, 1961 కార్టూన్లో అవి బాగా మాట్లాడతాయి. కుక్కలు మామూలు కుక్కలైపోయినా సినిమా పడిపోలేదు, ఎందుకంటే ఆ సాగడం, ఉబ్బడం, విరుచుకుపడడం మొత్తం ఆవిడ తన మీద వేసుకుంది. సగం నలుపు సగం తెలుపు జుట్టు, ఆ నవ్వు, సిగరెట్టు పట్టుకునే తీరు, అంతా గీతలే.

ఇప్పుడు టైమ్ సంగతి. దీని గురించి తక్కువగా మాట్లాడుకుంటారు గానీ చాలా సినిమాలు చచ్చిపోయేది ఇక్కడే. 1941 డంబో 64 నిమిషాలు, 2019 డంబో 112 నిమిషాలు. పాత సిండ్రెల్లా 74 నిమిషాలు, కొత్తది 105. బ్యూటీ అండ్ ది బీస్ట్ 1991లో 84 నిమిషాలు, 2017లో 129. అల్లాదీన్ 90 నుంచి 128కి వెళ్ళింది. గీసేటప్పుడు సెకనుకి 24 ఫ్రేములు, రెండేసి ఫ్రేములకి ఒక బొమ్మ లెక్కన వేసినా సెకనుకి 12 బొమ్మలు ఒక్కో పాత్రకి, అంటే అక్కర్లేని ఒక్క నిమిషం ఉంచితే కొన్ని వందల బొమ్మలు వేస్ట్, మనుషుల నెలల కష్టం వేస్ట్. అందుకే పాత కార్టూన్లలో కొవ్వు ఉండదు, కథని ముందే బోర్డు మీద అతికించి చూసుకుని, సాగదీసింది అనిపించిన ప్రతి ముక్కా పీకేసి, అప్పుడు గీయడం మొదలుపెడతారు. లైవ్ యాక్షన్‌కి వచ్చేసరికి ఆ భయం లేదు, పైగా టికెట్ కొన్నవాళ్ళకి రెండు గంటలైనా చూపించాలి అనే లెక్క ఒకటి. మరి పెరిగిన ముప్పై నలభై నిమిషాలు దేంతో నింపుతారు?

ఎక్కువసార్లు వివరణలతో నింపుతారు. కోటలో రాజకుమారుడు మృగమైపోతే పక్క ఊళ్ళో వాళ్ళకి తెలియదా అని ఎవరో అడిగారు కాబట్టి, శాపం వల్ల వాళ్ళు మర్చిపోయారు అని 2017 బ్యూటీ అండ్ ది బీస్ట్‌లో చెప్తారు. హీరోయిన్ బెల్ వాళ్ళ అమ్మ ఏమైంది అంటే ప్లేగు వచ్చి పోయింది అని చూపించడానికి ఒక సీన్ పెట్టారు. పెద్దవాళ్ళకి ఇవి నచ్చొచ్చు. కానీ అనగనగా ఒక రాజు అని అమ్మమ్మ మొదలుపెట్టినప్పుడు ఏ దేశం రాజు, పన్నులు ఎంత వేస్తాడు అని ఏ పిల్లాడూ అడగడు. కార్టూన్ కూడా అనగనగా లాంటిదే, ముందు నమ్మించేసి తర్వాత కథ చెప్తుంది. నిజం ముఖాలు, నిజం ఇటుకలు కనపడగానే మనకి తెలియకుండానే లెక్కలు అడగడం మొదలుపెడతాం, సినిమా వాళ్ళు ఆ లెక్కలకి జవాబులు చెప్తూ కూర్చుంటారు, కథ బరువెక్కిపోతుంది. వివరణ బాగా పండిన చోటు కూడా ఒకటుంది, అది ఒప్పుకోవాలి. 2015 సిండ్రెల్లాలో సవతి తల్లిగా కేట్ బ్లాంచెట్ తన కథ తను చెప్పుకునే చోట ఆ దుర్మార్గం వెనకాల ఉన్న ఏడుపు కనపడుతుంది. 1950 కార్టూన్‌కి అది చేతకాదు, అక్కడ సవతి తల్లి అంటే చీకట్లో రెండు పచ్చ కళ్ళు. మనిషి ముఖానికి మాత్రమే వచ్చే పని అది, దాన్ని వాడుకున్నారు.

అందుకే జంగిల్ బుక్ గురించి విడిగా చెప్పాలి. 2016లో ఇదే ఫావ్రో, ఇదే డిస్నీ, దాదాపు ఇదే టెక్నాలజీ, మూడేళ్ళ తర్వాత లయన్ కింగ్‌లో పండనిది ఇక్కడ పండింది. లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో లోపల తీశారు, మన అడవి మొత్తం గ్రాఫిక్సే, భాలూ, బఘీరా, షేర్‌ఖాన్ అందరూ గ్రాఫిక్సే. నిజంగా ఉన్నది ఒక్క పిల్లాడు, నీల్ సేథీ, న్యూయార్క్‌లో పెరిగిన భారతీయ కుటుంబం కుర్రాడు. వాడు ఎటు చూడాలో తెలియడానికి జంతువుల స్థానంలో తోలుబొమ్మల్లాంటి పప్పెట్లు పట్టుకుని మనుషులు నిలబడేవాళ్ళు. ఆ పిల్లాడి ముఖమే సినిమాకి ఆధారం. పులి వచ్చినప్పుడు పులి ముఖంలో ఏం లేకపోయినా వాడి ముఖంలో భయం ఉంది, భాలూ పాట పాడుతూ నదిలో తేలుతుంటే ఎలుగుబంటికి నవ్వు రాకపోయినా పొట్ట మీద కూర్చున్న వాడికి వస్తుంది, మనకి అది చాలు. లయన్ కింగ్‌లో మనిషనేవాడే లేడు, అందుకని ఆ భావం తెచ్చి ఇవ్వడానికి ఎవరూ లేరు. రెండు సినిమాల మధ్య తేడా ఇంతే, కానీ ఇది చిన్న తేడా కాదు.

మన దగ్గర జంగిల్ బుక్‌కి ఇంకో బలం కూడా ఉంది. జపాన్ వాళ్ళు తీసిన మోగ్లీ కార్టూన్ సీరియల్ దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున హిందీలో వచ్చేది, గుల్జార్ రాసిన టైటిల్ పాట హిందీ రాని తెలుగు పిల్లలు కూడా నోటికి వచ్చినట్టు పాడుకునేవాళ్ళు. 2016 నాటికి ఆ పిల్లలు సొంత పిల్లల్ని తీసుకుని సినిమాకి వెళ్ళే వయసులో ఉన్నారు. అమెరికా కంటే వారం ముందే, ఏప్రిల్ 8న, ఇండియాలో రిలీజ్ చేశారు. ఇక్కడ సెన్సార్ బోర్డు దానికి యూ/ఏ సర్టిఫికెట్ ఇచ్చింది, పిల్లలు భయపడతారు అని. అప్పట్లో దాన్ని చాలామంది వెక్కిరించారు, పిల్లల సినిమాకి యూ/ఏ ఏంటి అని. కొంచెం ఆలోచిస్తే బోర్డు వాళ్ళు పట్టుకున్న పాయింట్ నిజమే. గీసిన షేర్‌ఖాన్ ఎంత గర్జించినా ఒక నల్ల గీత లోపల ఉంటాడు, ఆ గీత పిల్లలకి కంచె లాంటిది. త్రీడీలో ఒక్కో వెంట్రుక కనపడే పులి మీదకి దూకితే ఆ కంచె లేదు. నాలుగేళ్ళ పిల్లలకి ఆ గీత ఎంత ధైర్యమో పెద్దవాళ్ళం మర్చిపోతుంటాం.

ఇక మనిషికీ బొమ్మకీ మధ్యలో ఇరుక్కుపోయే సినిమాలు వేరే రకం. 1937 స్నో వైట్‌లో ఒక చిత్రమైన సంగతి ఉంది, స్నో వైట్ పాత్ర కోసం నిజంగా ఒక డాన్సర్ అమ్మాయిని నడిపించి, తిప్పి, ఫిల్మ్ తీసి దాన్ని చూసి గీశారు, ఏడుగురు మరుగుజ్జుల్ని మాత్రం గుండ్రటి ముక్కులతో పూర్తి కార్టూన్‌గా గీశారు. ఇద్దరూ ఒకే గీతలో ఉన్నారు కాబట్టి ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. 2025 స్నో వైట్‌లో అమ్మాయి నిజం, మరుగుజ్జులు గ్రాఫిక్స్. అవే గుండ్రటి ముక్కులు, అవే పెద్ద చెవులు, కానీ ఇప్పుడు ముక్కు మీద చర్మ రంధ్రాలు కూడా కనపడతాయి. ఇదే ఇబ్బంది. జపాన్ రోబోల శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లో చెప్పిన అన్‌క్యానీ వ్యాలీ అంటే ఇదే, మనిషికి దూరంగా ఉన్న బొమ్మ ముద్దుగా ఉంటుంది, అచ్చం మనిషైతే మనిషే, ఆ రెండిటి మధ్య ఒక లోయ ఉంది, అక్కడ పడితే చూడ్డానికే ఒళ్ళు జలదరిస్తుంది. సోనిక్ అసలు వీడియో గేమ్ బొమ్మ ఐనా దానికీ ఇదే జరిగింది, 2019 ఏప్రిల్‌లో మొదటి ట్రైలర్ వచ్చినప్పుడు చిన్న కళ్ళు, మనిషి పళ్ళు పెట్టారు, జనం అంతా గోల చేస్తే రిలీజ్ ఆపేసి మొత్తం మళ్ళీ చేసి 2020 ఫిబ్రవరిలో వదిలారు. పెద్ద కళ్ళు తిరిగొచ్చాయి, సినిమా ఆడింది.

ఈ లోయలో పడకుండా ఉండడానికి ఒక పాత దారి ఉంది, బొమ్మని బొమ్మలానే వదిలేయడం. 1988లో హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్ చేసింది అదే. కుందేలు చేత్తో గీసిన కుందేలే, పక్కన బాబ్ హాస్కిన్స్ నిజం మనిషి. ఒక గదిలో వేలాడే దీపానికి తల తగిలి అది ఊగుతుంటుంది, దీపం ఊగినప్పుడల్లా గోడ మీద నీడ మారాలి, మనిషి మీద వెలుగు మారాలి, గీసిన కుందేలు మీద కూడా ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ వెలుగూ నీడా మారాలి. దీపం కదలకుండా ఉంచేస్తే ఎంతో పని తప్పేది, ఎవరూ అడిగేవాళ్ళు కూడా కాదు. ఐనా యానిమేషన్ డైరెక్టర్ రిచర్డ్ విలియమ్స్ టీమ్ ప్రతి ఫ్రేమ్‌కీ చేత్తో ఆ నీడలు వేసింది. అందుకే ఆ కుందేలు ఆ గదిలోనే ఉంది అని నమ్ముతాం, వెంట్రుకలు పెట్టి నిజం చేయకుండానే. 2021 టామ్ అండ్ జెర్రీ కూడా ఈ దారిలోనే వెళ్ళింది, అందులో మనుషులు నిజం, పిల్లి, ఎలుక, కుక్క, ఏనుగు, ప్రతి జంతువూ కార్టూన్. రూల్ మంచిది, ఆ రూల్ పట్టుకుని రాసిన కథ మాత్రం బలహీనం, పెళ్ళి, హోటల్, మనుషుల గోలలో పిల్లీ ఎలుకా పక్కకి పోయాయి.

2025లో స్నో వైట్ మార్చిలో, లిలో అండ్ స్టిచ్ మేలో వచ్చాయి, రెండు నెలల తేడా. మొదటిదానికి 25 కోట్ల డాలర్లకి పైగా ఖర్చైందని అంచనా, ప్రపంచమంతా కలిపి వచ్చింది 20 కోట్ల చిల్లర. రెండోదానికి ఖర్చు 10 కోట్ల డాలర్ల దగ్గర, వచ్చింది 100 కోట్ల పైన. స్టిచ్‌ని ఎవరూ బాగు చేయడానికి ప్రయత్నించలేదు, 2002 కార్టూన్లో ఎలా ఉన్నాడో అదే తల, అవే చెవులు, పైన బొచ్చు వేశారు అంతే, గొంతు కూడా పాత క్రిస్ శాండర్స్‌దే. వాడు ఎలాగూ వేరే గ్రహం నుంచి వచ్చినవాడు, నిజం స్టిచ్ అంటూ ఎక్కడా లేడు పోల్చడానికి. పక్కన నిజం పిల్ల ఉంది, హవాయి ఉంది. అంటే జంగిల్ బుక్ సూత్రమే మళ్ళీ. అదే సినిమాలో మిగతా ఇద్దరు గ్రహాంతరవాసుల్ని ఎక్కువసేపు మనుషుల వేషంలో తిప్పారు, సరిగ్గా ఆ ఇద్దరి విషయంలోనే పాత కార్టూన్ అభిమానులు బాధపడ్డారు.

స్టూడియోలు ఇవి తీస్తూనే ఉండడానికి కారణం పెద్ద రహస్యం కాదు. 2010లో టిమ్ బర్టన్ తీసిన ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్ 100 కోట్ల డాలర్లు దాటింది, తర్వాత బ్యూటీ అండ్ ది బీస్ట్ 126 కోట్లు, అల్లాదీన్ 105 కోట్లు, లయన్ కింగ్ 160 కోట్ల పైన. ఇంత చెప్పుకున్న ఆ భావం లేని లయన్ కింగే వీటన్నిటికంటే ఎక్కువ తెచ్చింది. కొత్త కథకి పబ్లిసిటీ అంతా సున్నా నుంచి మొదలుపెట్టాలి, దీనికి టైటిల్ చాలు, ఎందుకంటే పిల్లల సినిమాకి టికెట్ కొనేది అమ్మానాన్నలు, వాళ్ళ చిన్నప్పటి జ్ఞాపకం ఆల్రెడీ అమ్ముడుపోయి ఉంది. తెలుగులో దానికి ఇంకో మెట్టు కలిపారు. అల్లాదీన్‌లో జీనీకి వెంకటేష్, అల్లాదీన్‌కి వరుణ్ తేజ్, 2024లో వచ్చిన ముఫాసా సినిమాలో ముఫాసాకి మహేష్ బాబు. ఇక్కడ కార్టూన్ జ్ఞాపకం లేనివాళ్ళు కూడా హీరో గొంతు కోసం వెళ్తారు. ఇది తక్కువ చేసి మాట్లాడాల్సిన విషయం కాదు, బ్రహ్మానందం పుంబా అయ్యాక ఆ అడవిపంది నిజంగానే మనది ఐపోయింది, ముఖం సాగని చోట గొంతు సాగింది.

ఈ సినిమాల వెనకాల మన వైపు చేతులు కూడా చాలా ఉన్నాయి, వాటి గురించి ఎవరూ పెద్దగా రాయరు. స్కూబీ డూ, గార్‌ఫీల్డ్, ఆల్విన్ అండ్ ది చిప్‌మంక్స్, యోగి బేర్ లాంటి కార్టూన్ జంతువుల్ని మనుషుల మధ్య నడిపించిన కంపెనీ రిథమ్ అండ్ హ్యూస్, దానికి హైదరాబాద్‌లో స్టూడియో ఉండేది. 2013లో ఆ కంపెనీ దివాలా తీసింది, అదే నెలలో దాని పనికి ఆస్కార్ వచ్చింది. జంగిల్ బుక్, లయన్ కింగ్ గ్రాఫిక్స్ చేసిన ఎంపీసీ అనే కంపెనీకి బెంగళూరులో పెద్ద ఆఫీసు ఉండేది, 2025 ఫిబ్రవరిలో దాని మాతృసంస్థ టెక్నికలర్ కూలిపోయినప్పుడు ఇండియాలో వేలమంది ఉద్యోగాలు ఒక్కసారిగా పోయాయి. సింహం జూలులో ఒక్కో వెంట్రుక గాలికి ఎలా ఊగాలో నెలల తరబడి చూసుకున్న మనుషులు వాళ్ళు. 160 కోట్ల డాలర్ల సినిమా వాళ్ళ చేతుల మీదుగా వెళ్ళింది.

ఇక హైదరాబాద్ అంటే ఛోటా భీమ్ గురించి మాట్లాడకుండా ఎలా. రాజీవ్ చిలక 2001లో హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ మొదలుపెట్టారు, 2008లో పోగో అనే పిల్లల ఛానెల్లో భీమ్ వచ్చాడు, ఆ తర్వాత స్కూల్ బ్యాగ్ నుంచి పుట్టినరోజు కేక్ దాకా వాడే. 2012లో కర్స్ ఆఫ్ దమ్యాన్ అని యానిమేషన్ సినిమా వచ్చింది, అదే కథని 2024 మే 31న లైవ్ యాక్షన్‌గా విడుదల చేశారు, డైరెక్షన్ కూడా ఆయనదే, భీమ్‌గా యజ్ఞ భసిన్, గురు శంభుగా అనుపమ్ ఖేర్. థియేటర్లలో నిలబడలేదు.

ఎందుకు అని ఆలోచిస్తే పైన అనుకున్నవన్నీ ఒకే చోట కనపడతాయి. కార్టూన్ భీమ్‌కి తల పెద్దది, కాళ్ళు పొట్టి, నల్లటి గుండ్రటి కళ్ళు, తొమ్మిదేళ్ళ పిల్లాడు రాక్షసుడిని ఎత్తి విసిరేస్తుంటే ఎవరికీ అనుమానం రాదు, ఆ ఆకారమే నమ్మిస్తుంది. దాన్ని ఎత్తు పెరిగిన నిజం కుర్రాడి మీద పెడితే ధోవతి ఒక్కటే మిగులుతుంది. డబ్బు లెక్క ఇంకోటి. ఛోటా భీమ్ లాంటి టూడీ కార్టూన్లో గుడిసె గీయడానికీ బంగారు కోట గీయడానికీ ఖర్చులో పెద్ద తేడా రాదు, అందుకే ప్రతి వారం ఒక కొత్త రాజ్యం, ఒక కొత్త మాంత్రికుడు వచ్చేవాడు. లైవ్ యాక్షన్‌కి వచ్చాక సోనాపూర్ కోట ఒక సెట్టు, పాము రాక్షసుడు ఒక గ్రాఫిక్స్ బిల్లు, ఇంట్లో హాలీవుడ్ గ్రాఫిక్స్ చూసిన పిల్లలు పోల్చేది వాటితోనే. తెలుగు రాష్ట్రాల్లో ఆ మరుసటి ఏడాదే మహావతార్ నరసింహ అనే పూర్తి యానిమేషన్ సినిమాకి పెద్దా చిన్నా అందరూ కుటుంబాలతో వెళ్ళారు. గీసిన బొమ్మ చూడ్డానికి మనవాళ్ళకి అభ్యంతరం ఎప్పుడూ లేదు.

అన్నిటికంటే బాధ అనిపించేది లడ్డూ. భీమ్ అంటేనే లడ్డూ, నోట్లో పడుతుంది, బుగ్గలు నిండుతాయి, ఒళ్ళు మెరుస్తుంది, బలం వస్తుంది. పొపాయ్ పాలకూర లాంటిదే, తెరమీద ఉబ్బాలి, సాగాలి. ఇది నిజం మనిషితో తీయడం కష్టం అనిపిస్తుంది గానీ, దీన్ని తెలుగువాళ్ళు ఏనాడో తీసి పెట్టారు. 1957 మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు పెళ్ళి వంటకాల మధ్య కూర్చుంటాడు, మాధవపెద్ది సత్యం గొంతులో వివాహ భోజనంబు నడుస్తుంటుంది, లడ్డూలు వాటంతట అవే లేచి వరసగా వెళ్ళి ఆయన నోట్లో పడతాయి, గిన్నెలు ఖాళీ అవుతాయి. కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే కెమెరాలోనే చేసిన ట్రిక్కులు, కంప్యూటర్ అన్నదే లేదు. లడ్డూ ఎగిరి రావడం ట్రిక్కు, కానీ మిగతా సగం రంగారావు ముఖంలో ఉంది, ఒక్కో లడ్డూకీ కళ్ళు ఇంత చేసి, బుగ్గ ఇటు నుంచి అటు తిప్పి, భుజాలు ఊపి, కడుపు నిండుతున్న ఆనందాన్ని తల నుంచి బొడ్డు దాకా సాగదీసి చూపిస్తాడు. ఇప్పటికీ టీవీలో ఆ పాట వస్తే మూడేళ్ళ పిల్లలు కూడా తినే ముద్ద చేతిలో పెట్టుకుని నోరు తెరుచుకుని చూస్తారు, తర్వాతి లడ్డూ ఎప్పుడు లేస్తుందా అని.